సంచి మోసేవారి సాక్ష్యం

విజయవాడ సూర్యారావుపేటలో గానీ, గుంటూరు కొత్తపేటలో గానీ సాయంత్రం ఓపీ వేళకు ఏ క్లినిక్‌కు వెళ్లినా, రోగుల వరుస పక్కన ఇంకో వరుస కనిపిస్తుంది. వారు మందుల కంపెనీల మెడికల్ రెప్‌లు. నలగని చొక్కా, మెడలో టై, భుజాన బరువైన సంచి. కుర్చీ ఖాళీగా ఉన్నా చాలామంది కూర్చోరు. దాన్ని రోగులకు వదిలేసి గోడవారగా నిలబడతారు. లోపలి నుంచి పిలుపు వస్తే దొరికేది రెండు మూడు నిమిషాలు. ఆ కాస్త వ్యవధిలో మందు పేరు డాక్టరు గారి మనసులో నాటాలి. రాత్రి ఇల్లు చేరాక ఆ రోజు ఎవరెవరిని కలిసిందీ కంపెనీకి తెలపాలి. నెల తిరిగేసరికి టార్గెట్ అందుకోవాలి. బీఎస్సీయో బీఫార్మసీయో చదివి, ఇంటి బాధ్యత భుజాన వేసుకుని ఈ కొలువులోకి వచ్చిన ఎందరో తెలుగు యువతీ యువకుల రోజు ఇలాగే గడుస్తుంది.

ఆ హాల్లో కూర్చున్నవారెవరికీ తెలియని సంగతి ఒకటి ఆ నిలబడిన మనిషికి తెలుసు. చీటీ మీద ఫలానా బ్రాండు పేరు ఎందుకు పడుతోందో అతనికి తెలుసు. మందు మంచిదై పడుతోందా, మరేదైనా కారణం ఉందా అన్నది రోగికి తెలియదు, మందుల షాపు యజమానికి తెలియదు. తన చేతికి అందిన సమాచారంలో ఎంత పాలు నిజమో ఒక్కోసారి రాసే డాక్టరుకు కూడా తెలియదు. మందుల మార్కెటింగ్‌లో తప్పు జరిగితే అందరికంటే ముందు దాన్ని చూసేది సంచి మోసేవారే. చూసినది చెప్పడానికి వారికి దారి ఉందా లేదా అన్నదాని మీదే మందు మింగేవారి క్షేమం చాలావరకు ఆధారపడి ఉంటుంది.

ఈ మాటకు అమెరికా కోర్టు రికార్డుల్లో గట్టి రుజువు ఉంది. డేవిడ్ ఫ్రాంక్లిన్ సూక్ష్మజీవశాస్త్ర పరిశోధకుడు. బోస్టన్‌లోని పేరున్న క్యాన్సర్ సంస్థలో పనిచేసి, 1996 ఏప్రిల్‌లో వార్నర్-లాంబర్ట్ కంపెనీకి చెందిన పార్క్-డేవిస్ విభాగంలో మెడికల్ లయజాన్‌గా చేరారు. డాక్టర్లు అడిగే శాస్త్రీయ ప్రశ్నలకు పక్షపాతం లేకుండా జవాబివ్వడం అలాంటి ఉద్యోగి విధి. తన డాక్టరేట్‌ను చూపించి, నమ్మకం పుట్టించి, అమ్మకాలు పెంచడమే అక్కడ తన నుంచి కోరుతున్నారని ఆయనకు కొద్ది వారాల్లోనే అర్థమైంది. అమ్మవలసిన మందు న్యూరాంటిన్, అంటే గబాపెంటిన్. 1993 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ దానికి ఇచ్చిన అనుమతి చాలా చిన్నది. మూర్ఛ రోగుల్లో కొందరికి, ఇతర మందులకు తోడుగా మాత్రమే వాడాలి.

అంత చిన్న అనుమతితో పెద్ద అమ్మకాలు రావు. అందుకని ఆ మందును బైపోలార్ రుగ్మతకూ, రకరకాల నొప్పులకూ, మైగ్రేన్‌కూ, ఏకాగ్రత లోపానికీ మంచిదని ప్రచారం చేశారు. మూర్ఛకు వేరే మందు అక్కర్లేకుండా అదొక్కటే చాలునని కూడా చెప్పారు. అలా ఒంటరిగా వాడేందుకు ఎఫ్‌డీఏ అనుమతి నిరాకరించిన తర్వాత కూడా ఆ ప్రచారం సాగింది. అనుమతి లేని జబ్బుకు ఒక డాక్టరు తన విచక్షణ మీద మందు రాస్తే అక్కడి చట్టం తప్పుపట్టదు. ఆ వాడుకను కంపెనీ తనంతట తాను ప్రచారం చేయడం మాత్రం నేరం. అనుమతి అంటే రుజువు చూపించి తెచ్చుకున్న హక్కు. రుజువు లేని చోట ప్రచారానికి దిగితే, ఆ మందును పరీక్షించేది రోగి శరీరం మీదే. అలా పరీక్షిస్తున్నారని అతనికి ఎవరూ చెప్పరు కూడా.

ఆ ప్రచారం ఎలా నడిచిందో తర్వాత అమెరికా న్యాయశాఖ వివరంగా బయటపెట్టింది. డాక్టర్లను ‘సలహాదారులు’ అనే పేరుతో ఖరీదైన విందులకు, సదస్సులకు పిలిచి, వచ్చినందుకు డబ్బిచ్చారు. ఫ్లోరిడాకు, హవాయికి, 1996లో జరిగిన అట్లాంటా ఒలింపిక్స్‌కు తీసుకెళ్లారు. వైద్య సభల్లో శ్రోతల మధ్య తమ మనుషులను కూర్చోబెట్టి, అనుమతి లేని వాడుకల గురించి ప్రశ్నలు అడిగించారు. కొన్నిచోట్ల డాక్టరు రోగిని చూస్తున్న గదిలోనే కంపెనీ ప్రతినిధి కూర్చున్నాడు. అలా కూర్చోనిచ్చినందుకు డాక్టరుకు రుసుము ముట్టింది. తన బాధ చెప్పుకుంటున్న ఆ రోగికి, పక్కన ఉన్న మూడో మనిషి మందులమ్మే వ్యక్తి అనీ, అతను అక్కడ ఉన్నందుకు డబ్బు చేతులు మారిందనీ ఊహకైనా అంది ఉంటుందా? డాక్టరు గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాక చెప్పే మాట బయటికి పోదని నమ్ముతాం. ఆ నమ్మకాన్ని అక్కడ వెలకట్టి కొన్నారు.

ఫ్రాంక్లిన్ నాలుగు నెలలకే కొలువు వదిలేశారు. అక్కడితో ఊరుకుని ఉంటే ఇంకో ఉద్యోగం చూసుకుని హాయిగా బతికేవారే. ఆయన ఆ ఆగస్టులోనే బోస్టన్ ఫెడరల్ కోర్టులో దావా వేశారు. ఆయనకు ఆ వీలు కల్పించింది 1863 నాటి ఒక చట్టం. అంతర్యుద్ధ కాలంలో సైన్యానికి నాసిరకం సరుకు అంటగట్టి సొమ్ము చేసుకున్న వ్యాపారులను పట్టుకోవడానికి అబ్రహాం లింకన్ హయాంలో తెచ్చిన చట్టం అది. ప్రభుత్వ ధనం మోసానికి గురైందని తెలిసిన ఏ పౌరుడైనా ప్రభుత్వం తరఫున దావా వేయవచ్చు. విచారణ సాగేటప్పుడు దావా గోప్యంగా ఉంటుంది. డబ్బు వసూలైతే అందులో 15 నుంచి 30 శాతం వరకు ఆ పౌరుడికి దక్కుతుంది. 1986లో సవరించి దీనికి మళ్లీ బలం పోశారు. పేదల వైద్య పథకమైన మెడికెయిడ్ ఈ మందు చీటీలకు డబ్బు చెల్లించింది కాబట్టి, న్యూరాంటిన్ వ్యవహారం ఆ చట్టం కిందికి వచ్చింది.

ఫలితం వెంటనే రాలేదు. దావా వేసిన మొదటి కొన్నేళ్లు దాని ఊసు బయటి ప్రపంచానికి తెలియదు. ఈలోగా 2000లో వార్నర్-లాంబర్ట్‌ను ఫైజర్ కొనేసింది. 1995లో దాదాపు 10 కోట్ల డాలర్లున్న న్యూరాంటిన్ అమ్మకాలు 2003 నాటికి దాదాపు 270 కోట్ల డాలర్లకు చేరాయి. 2004 మేలో వార్నర్-లాంబర్ట్ నేరం ఒప్పుకుంది. క్రిమినల్ జరిమానా, సివిల్ పరిహారం కలిపి 43 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది. ఫ్రాంక్లిన్‌కు చట్టప్రకారం సుమారు 2.46 కోట్ల డాలర్ల వాటా అందింది. ఈ వాటా చూసి, డబ్బు కోసమే చేశాడనేవారు ఉంటారు. దాదాపు ఎనిమిదేళ్లు ఫలితమేమిటో తెలియకుండా, అంత పెద్ద కంపెనీకి ఎదురుగా నిలబడిన మనిషికి ఆ డబ్బు ముందుగా ఎవరూ హామీ ఇవ్వలేదు. నిజం చెప్పినందుకు ఉద్యోగ జీవితమే తలకిందులయ్యే చోట, ఆ నష్టాన్ని పూడ్చే ఏర్పాటు చట్టంలోనే ఉండటం న్యాయం.

ఇక్కడ మందు గురించి కూడా న్యాయంగా మాట్లాడాలి. గబాపెంటిన్ పనికిరాని మందు కాదు. సర్పి తగ్గాక మిగిలే నరాల నొప్పికి 2002లో ఎఫ్‌డీఏ దాన్ని అనుమతించింది. ఈ రోజు మన ఇళ్లలోనూ ఎందరో పెద్దలు నరాల నొప్పికి వాడుతున్నారు. డాక్టరును అడగకుండా హఠాత్తుగా ఆపకూడని మందు అది. మరోవైపు బైపోలార్ రుగ్మత మీద జరిపిన ఒక పరీక్షలో గబాపెంటిన్ కంటే మందు లేని ఉత్తుత్తి మాత్రే మెరుగ్గా తేలింది. ఆ ఫలితం 2000లో అచ్చయింది. ఒకే మందు ఒకరికి ఉపశమనం, ఇంకొకరికి వృథా. ఎవరికి ఏది అన్నది శాస్త్రం తేల్చాలి. ఆ తేల్చే పనిని మార్కెటింగ్ చేతిలోకి తీసుకుంటే, నిజంగా పనికొచ్చే చోట కూడా మందు మీద అనుమానం పుడుతుంది. నిజాయతీ లేని ప్రచారం వల్ల మంచి మందుకూ మచ్చ వస్తుంది.

ఫ్రాంక్లిన్ దావాతో బయటపడిన కంపెనీ కాగితాలు తర్వాత కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాన్‌ఫ్రాన్సిస్కో గ్రంథాలయంలో అందరికీ అందుబాటులోకి వచ్చాయి. కోర్టుల ద్వారా వెలుగు చూసిన అంతర్గత పత్రాలను, అచ్చయిన పరిశోధన వ్యాసాలను పక్కపక్కన పెట్టి పరిశీలించినవారికి 2009లో ఒక విస్తుపోయే సంగతి తెలిసింది. గబాపెంటిన్ అనుమతి లేని వాడుకలపై జరిపిన పరీక్షల్లో అచ్చయినవి పన్నెండు. వాటిలో ఎనిమిదింటిలో, ముందు ఏ ఫలితాన్ని ప్రధానంగా కొలుస్తామన్నారో, అచ్చులో ప్రధానమని చూపినది దానితో సరిపోలలేదు. వైద్య పత్రిక చదివి మందు రాసే నిజాయతీపరుడైన డాక్టరు సైతం ఇందులో మోసపోయిన మనిషే. పత్రికనే నమ్మలేని స్థితి వస్తే ఆయన మాత్రం ఏం చేయగలరు? ఎంత చదివినా, ఎంత జాగ్రత్తపడినా బయట ఉన్నవారికి కనబడని నిజాలు కొన్ని ఉంటాయి. లోపలివారు నోరు విప్పితే తప్ప అవి బయటికి రావు.

నోరు విప్పినవారికి అన్నిచోట్లా ఫ్రాంక్లిన్‌కు దక్కిన న్యాయం దక్కలేదు. స్టాన్లీ ఆడమ్స్ స్విట్జర్లాండ్‌లోని హాఫ్‌మన్-లా రోష్ కంపెనీలో పెద్ద ఉద్యోగి. విటమిన్ల వ్యాపారంలో పోటీ లేకుండా చేసుకునేందుకు కంపెనీ పాటిస్తున్న పద్ధతులను 1973లో ఐరోపా కమిషన్‌కు గోప్యంగా తెలియజేశారు. కమిషన్ కంపెనీకి 1976లో జరిమానా వేసింది. కానీ సమాచారం ఇచ్చింది ఎవరో కంపెనీకి ముందే తెలిసిపోయింది. 1974 డిసెంబరు 31న సరిహద్దు దాటుతుండగా ఆయనను అరెస్టు చేశారు. పారిశ్రామిక గూఢచర్యం అన్నారు. దీర్ఘకాలం జైలు శిక్ష పడవచ్చని విన్న ఆయన భార్య ప్రాణం తీసుకున్నారు. భర్త అప్పటికి నిర్బంధంలోనే ఉన్నారు. గోప్యత కాపాడటంలో కమిషన్ విఫలమైందనీ, నష్టంలో సగం భరించాలనీ 1985లో ఐరోపా న్యాయస్థానం తీర్పునిచ్చింది. నిజం చెప్పిన మనిషి పేరును దాచలేకపోతే ఒక కుటుంబం ఎంత మూల్యం చెల్లించాల్సి వస్తుందో చెప్పడానికి ఈ ఒక్క ఉదంతం చాలు.

మనకు దగ్గరి పేరు దినేశ్ ఠాకూర్. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో కెమికల్ ఇంజినీరింగ్ చదివిన ఆయన 2003లో మందుల కంపెనీ ర్యాన్‌బాక్సీలో చేరారు. మందులు నిలవ ఉండే కాలం గురించి, నాణ్యత గురించి నియంత్రణ సంస్థలకు ఇచ్చిన లెక్కలు ఎంతవరకు నిజమో చూడమని పైఅధికారి ఆయనకు పని అప్పగించారు. చూస్తే లేని పరీక్షలను ఉన్నట్టు చూపిన దాఖలాలు బయటపడ్డాయి. 2005లో ఉద్యోగం వదిలి, అమెరికా ఎఫ్‌డీఏకు రాశారు. 2013 మేలో ఆ కంపెనీ అమెరికా విభాగం ఏడు నేరాలు ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు చెల్లించింది. ఇది మార్కెటింగ్ తప్పు కాదు, తయారీ లెక్కల తప్పు. అయినా ఈ చర్చకు దానితో సంబంధం ఉంది. భారతీయ కంపెనీలో భారతీయ ఉద్యోగి కనిపెట్టిన తప్పుకు న్యాయం దొరికింది అమెరికా చట్టం కింద, అమెరికా కోర్టులో. అదే తప్పుకు ఇక్కడ తలుపు తట్టవలసి వస్తే ఏ తలుపు తట్టాలో ఆయనకే కాదు, మనకూ తెలియదు.

ఇప్పుడు మన సంగతి. డాక్టర్లు కంపెనీల నుంచి కానుకలు, ప్రయాణ ఖర్చులు, ఆతిథ్యం తీసుకోరాదని భారత వైద్య మండలి 2009 డిసెంబరులోనే నిబంధన పెట్టింది. తీసుకునే చేతిని అడ్డుకున్నారు గానీ ఇచ్చే చేతికి అడ్డు లేకపోయింది. కొన్ని కంపెనీలు ఆ కానుకల ఖర్చును వ్యాపార ఖర్చుగా చూపి ఆదాయపు పన్ను మినహాయింపు కూడా కోరాయి. 2022 ఫిబ్రవరి 22న అపెక్స్ లేబొరేటరీస్ కేసులో సుప్రీంకోర్టు దీనికి స్వస్తి పలికింది. బంగారు నాణేలు, టీవీలు, ఫ్రిజ్‌లు, విదేశీ ప్రయాణాలు డాక్టరు తీసుకోకూడనివైతే, ఇచ్చిన కంపెనీకి పన్ను మినహాయింపు ఎలా దక్కుతుందని నిలదీసింది. ఆ కానుకల ఖర్చు చివరికి మందు ధరలో కలిసి రోగి నెత్తినే పడుతుందని కూడా ఆ తీర్పు గుర్తుచేసింది.

ఇంకా ముఖ్యమైన సంగతి అదే కాలంలో జరిగింది. ఈ కానుకల వ్యవహారాన్ని చట్టం పరిధిలోకి తేవాలని సుప్రీంకోర్టుకు వెళ్లినది ఎవరు? రోగుల సంఘమో, డాక్టర్ల సంఘమో కాదు. మెడికల్ రెప్‌ల అఖిల భారత సమాఖ్య. కానుకలు మోసుకెళ్లే పని ఎవరి చేత చేయిస్తున్నారో వాళ్లే, ఈ పని మా చేత చేయించకండని న్యాయస్థానం తలుపు తట్టారు. ఆ పిటిషన్‌పై కోర్టు 2022లో కేంద్రానికి నోటీసు ఇచ్చింది. ఒక వృత్తిలోని మనుషులంతా కలిసి, మేం చూస్తున్నది ఇది, దీన్ని ఆపండి అని చెప్పడం చిన్న సంగతి కాదు. ఒక్కో ఉద్యోగి విడిగా చెబితే ఉద్యోగం పోతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందని భయం. సంఘంగా చెబితేనే గొంతు పెగిలింది. ఆ గొంతుకు దక్కవలసినంత గౌరవం మన సమాజంలో ఇంకా దక్కలేదు.

మందుల మార్కెటింగ్‌కు ప్రభుత్వం ఒక ప్రవర్తనా నియమావళి పెట్టింది. 2015 జనవరి నుంచి అది కంపెనీల ఇష్టం మీద నడిచింది. 2024 మార్చి 12న దాన్ని సవరించి కొత్తగా ప్రకటించారు. డాక్టర్లకూ వారి కుటుంబాలకూ కానుకలు ఇవ్వరాదు. వక్తలుగా వెళితే తప్ప ప్రయాణ ఖర్చులు భరించరాదు. బ్రాండును గుర్తుచేసే వస్తువు ఖరీదు 1,000 రూపాయలు దాటరాదు. ఉచిత శాంపిళ్ల విలువ దేశీయ అమ్మకాల్లో 2 శాతానికి మించరాదు. ఇవన్నీ మంచి మాటలే. అయితే ఫిర్యాదును మొదట విచారించేది ఆ కంపెనీల సంఘమే ఏర్పాటు చేసిన కమిటీ. తప్పు తేలితే మందలింపు, సంఘం నుంచి తొలగింపు వంటివే శిక్షలు. ఫిర్యాదు చేసేవారు తమ వివరాలు ఇవ్వాలి, 1,000 రూపాయలు కట్టాలి, అవి తిరిగి రావు. ఒక రెప్ తన కంపెనీ మీద ఫిర్యాదు చేయాలంటే తన పేరు, చిరునామా రాసి, ఆ కంపెనీ సభ్యురాలైన సంఘానికే ఇవ్వాలి. ఇంట్లో పసిపిల్లల ఫీజులు, ఇంటి అద్దె ఉన్న మనిషి ఆ పని చేయగలడా?

2024 డిసెంబరులో కేంద్ర ఫార్మా విభాగం ఒక బహుళజాతి కంపెనీని మందలించింది. 30 మంది డాక్టర్లను పారిస్, మొనాకోల్లో జరిగిన సౌందర్య వైద్య సదస్సులకు పంపేందుకు 1.91 కోట్ల రూపాయలు ఖర్చు చేసిందని తేల్చింది. కొత్త నియమావళి వచ్చాక దేశమంతా మాట్లాడుకున్న తొలి చర్య అది. దానికి మూలం పేరు లేని ఒక ఫిర్యాదు. ఆ ఫిర్యాదు రాసినవారు ఎవరో మనకు తెలియదు, తెలియనవసరం లేదు. మొదటి అడుగు వేయించినది పేరు చెప్పుకోలేని ఒక మనిషి ధైర్యమేనన్నది మాత్రం గమనించాలి. పేరు చెప్పలేకపోయారంటే అది వారి పిరికితనం కాదు. పేరు చెప్పినా ఏమీ కాదన్న భరోసా మనం ఇంకా ఇవ్వలేకపోయామన్నది దాని అర్థం.

లోపలి తప్పును బయటపెట్టే ప్రజావేగుల రక్షణకు 2014లో పార్లమెంటు చట్టం చేసింది. జాతీయ రహదారుల పనుల్లో అక్రమాల గురించి రాసి 2003లో గయలో హత్యకు గురైన ఇంజినీరు సత్యేంద్ర దూబే విషాదం ఆ చట్టం వెనుక ఉంది. రాష్ట్రపతి ఆమోదం కూడా ఆ ఏడాది మేలోనే లభించింది. దాన్ని అమల్లోకి తెస్తున్నామన్న ప్రకటన మాత్రం రాలేదు. వచ్చినా ఆ చట్టం ప్రభుత్వ ఉద్యోగుల అవినీతి గురించి ఫిర్యాదు చేసేవారికే వర్తిస్తుంది. ప్రైవేటు మందుల కంపెనీలో తప్పు చూసిన ఉద్యోగి దాని నీడకు చేరడు. ప్రాణాలకు సంబంధించిన సరుకు తయారు చేసి అమ్మేది ఎక్కువగా ప్రైవేటు కంపెనీలే అయిన దేశంలో ఇది పెద్ద లోటు.

ఈ విషయంలో తెలుగువారికి ఒక ప్రత్యేక బాధ్యత ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ప్రపంచ వైద్యానికి మేలైన మందులు అందించారు. హైదరాబాద్ బాలానగర్‌లో వెలసిన ఐడీపీఎల్ ఒక తరం రసాయన శాస్త్రజ్ఞులను తయారు చేసింది. వారిలో కొందరు పెట్టిన కంపెనీల మందులు ఇవాళ ఎన్నో దేశాలకు వెళ్తున్నాయి. మందుల తయారీలో మన ప్రాంతానికి ఇంత పేరుంటే, ఆ మందులను నిజాయతీగా అమ్మడంలో కూడా పేరు తెచ్చుకోవాలని కోరుకోవడం అత్యాశ కాదు. తప్పును లోపలే చెప్పుకోగలిగే కంపెనీకి తప్పు దిద్దుకునే అవకాశం ముందే దొరుకుతుంది. చెప్పినవారిని వెళ్లగొట్టే కంపెనీకి ఆ తప్పు జరిమానాగానో జైలుగానో ఎదురయ్యాకే తెలుస్తుంది. మంచి యాజమాన్యాలు ఈ లెక్క అర్థం చేసుకోలేనివి కావు.

డాక్టర్లను దోషులుగా నిలబెట్టడం ఈ మాటల ఉద్దేశం కాదు. రెప్‌లు తెచ్చిన పెన్ను కూడా ముట్టని డాక్టర్లు మన ఊళ్లలో ఉన్నారు. సొంత డబ్బుతోనే సదస్సులకు వెళ్లేవారున్నారు. పుణెకు చెందిన డాక్టర్ అరుణ్ గద్రే, డాక్టర్ అభయ్ శుక్లా 2016లో తెచ్చిన పుస్తకంలో 78 మంది డాక్టర్లు తమ వృత్తిలో జరుగుతున్న అనుచితాల గురించి స్వయంగా చెప్పారు. వారూ ఒక రకంగా ప్రజావేగులే. కానుకతో వచ్చే చిక్కు ఏమిటంటే, తీసుకున్నవారికి అది లంచంలా అనిపించదు. పాత పరిచయం, మర్యాద, స్నేహం అనిపిస్తుంది. ఎదుటివారి మంచితనానికి బదులు తీర్చుకోవాలనుకోవడం మన సంస్కారం కూడా. ఆ సంస్కారాన్నే వాడుకుని చీటీ మీది పేరును మార్చేస్తారు. బదులు తీర్చుకునేది డాక్టరు, ఖర్చు పెట్టేది రోగి. అందుకే ఆ కానుక ఎంత చిన్నదైనా వద్దనడంలోనే డాక్టరుకూ గౌరవం, రోగికీ రక్షణ.

చేయవలసిన పనులు కొండంతవేమీ కావు. మార్కెటింగ్ నియమావళికి చట్టబలం ఇవ్వాలి. ఫిర్యాదును విచారించే అధికారం కంపెనీల సంఘాలకు కాకుండా స్వతంత్ర సంస్థకు ఉండాలి. ఫిర్యాదుకు రుసుము తీసేయాలి. పేరు గోప్యంగా ఉంచే బాధ్యతను చట్టంలో రాసి, దాన్ని ఉల్లంఘించినవారికి శిక్ష ఉండాలి. ఏ డాక్టరుకు, ఏ సంస్థకు ఎంత ఇచ్చిందీ కంపెనీలు ఏటా బహిరంగంగా ప్రకటించాలి. 2014 నాటి చట్టాన్ని అమల్లోకి తెచ్చి, ప్రజారోగ్యానికి సంబంధించిన ప్రైవేటు సంస్థల ఉద్యోగులకూ దాన్ని వర్తింపజేయాలి. నిజం చెప్పినందుకు బదిలీ, వేధింపు, తొలగింపు ఎదురైతే ఆ ఉద్యోగికి తిరిగి కొలువు, నష్టపరిహారం దక్కాలి.

ఇక మనవంతు. మందు రాసినప్పుడు ఇది దేనికి, ఎన్నాళ్లు, దీనికంటే చౌకగా ఇదే మందు దొరుకుతుందా అని డాక్టరు గారిని మర్యాదగా అడగడం మన హక్కు. అడిగితే నొచ్చుకునే డాక్టరు కంటే, సంతోషంగా చెప్పే డాక్టర్లే ఎక్కువ. క్లినిక్ గోడవారగా నిలబడిన ఆ యువకుడిని ఓపీ ఆలస్యానికి కారణమని విసుక్కోకుండా, అతనికీ ఒక మనస్సాక్షి ఉంటుందని గుర్తించడం మన ధర్మం. అతను ఒకనాడు తన పై అధికారితో ఇది తప్పు సార్ అనగలిగితే, అన్నందుకు మర్నాడు కూడా అతని కొలువు పదిలంగా ఉంటే, మన ఇంట్లో పెద్దాయన మింగే మాత్ర మీద నమ్మకం పెరుగుతుంది. ఆ భరోసాను అతనికి కల్పించవలసిన పార్లమెంటు, ప్రభుత్వం పదేళ్లకు పైగా ఆలస్యం చేశాయి. ఇకనైనా ఆ పని మొదలుపెట్టాలి.